డకోటా కుటుంబాలు తమ పెద్దల్ని ఎక్కడ వెతుక్కుంటున్నాయి?

(తెర మీద: పైనుంచి తీసిన దృశ్యం. రెండు నదులు కలిసే చోటు, ఆ పక్కన ఎయిర్‌పోర్ట్)

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే మిన్నెసోటా నది వచ్చి మిస్సిసిపీలో కలుస్తుంది. ఆ నగరంలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు ఊరికి వచ్చిపోయేటప్పుడల్లా ఈ చుట్టుపక్కల నుంచే వెళ్తుంటారు. ఈ సంగమం పేరు బ్డోటే. డకోటాలు ఈ ప్రాంతపు ఆదివాసులు. తమ జాతి పుట్టింది ఇక్కడేనని వాళ్లలో చాలామంది నమ్మకం. 1862-63 చలికాలంలో సుమారు 1,600 మంది డకోటాలను అమెరికా సైన్యం బంధించిందీ ఇక్కడే, ఫోర్ట్ స్నెల్లింగ్ కోట కింద. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తట్టు సోకి, చలికి తట్టుకోలేక వందకు పైగా చనిపోయారు.

(తెర మీద: మ్యాప్‌లో కుంచించుకుపోతున్న డకోటా భూమి)

అసలు గొడవ భూమి దగ్గర మొదలైంది. అమెరికా ప్రభుత్వంతో 1851లో కుదిరిన ఒప్పందాల్లో డకోటాలకు సుమారు 2.4 కోట్ల ఎకరాలు పోయాయి. మిగిలింది మిన్నెసోటా నదికి అటూ ఇటూ సన్నని పట్టీ. 1858లో అందులో ఉత్తరపు సగమూ పోయింది. భూమికి బదులు ఇస్తామన్న డబ్బు 1862లో సమయానికి రాలేదు. ప్రభుత్వ గోదాముల్లో తిండి ఉంది, బయట జనం పస్తులున్నారు. ఆగస్టులో డకోటాలకూ అమెరికా వాళ్లకూ మధ్య యుద్ధం మొదలై ఆరు వారాల్లో ముగిసింది. సైనిక విచారణల్లో కొన్నిటిని నిమిషాల్లోనే తేల్చేసి 303 మంది డకోటాలకు మరణశిక్ష వేశారు. అధ్యక్షుడు లింకన్ చాలావాటిని తగ్గించాక, డిసెంబరు 26న మిన్నెసోటాలోని మన్‌కాటో ఊళ్లో 38 మందిని ఒకేసారి ఉరితీశారు.

(తెర మీద: పాత జాబితా, ఒకే పేరు పదేపదే)

ఈ జాబితాల దగ్గర కాస్త ఆగుదాం. డకోటాల్లో మొదటి సంతానం కొడుకైతే చాస్కే, కూతురైతే వినోనా అని పిలుస్తారు. అంటే ప్రతి గూడెంలోనూ బోలెడంతమంది చాస్కేలు. శిక్ష తగ్గిన ఒక చాస్కేని ఇంకొకరి బదులు ఉరితీశారు. ఈ రోజు తాతముత్తాతల పేర్లు వెతికేవాళ్లకు దొరికేవి చాలావరకు ఇవే: క్యాంపు లెక్కలు, జైలు జాబితాలు, మిషనరీల రిజిస్టర్లు. తమ వాళ్లను బంధించినవాళ్లు రాసిన కాగితాల్లోనే తమ వాళ్లను వెతుక్కోవాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

(తెర మీద: ఒహియేసా ఫోటో)

ఒహియేసా అనే డకోటా కుర్రాడి కుటుంబాన్నే చూడండి. 1858లో పుట్టాడు, తల్లి అప్పుడే పోయింది. నాలుగేళ్ల వయసులో యుద్ధం. అవ్వ అతన్ని తీసుకుని కెనడా పారిపోయింది. తండ్రిని ఉరితీశారనే అందరూ అనుకున్నారు. 15 ఏళ్లప్పుడు ఆ తండ్రి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు! యుద్ధం తర్వాత డకోటాలను ఉంచిన డావెన్‌పోర్ట్ జైలు నుంచి బయటపడి, క్రైస్తవం తీసుకుని, డకోటా ప్రాంతంలోని ఫ్లాండ్రోలో భూమి సంపాదించి, కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి ఇంటిపేరు ఈస్ట్‌మన్. అది భార్య తండ్రిది, ఆ కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయిన సైనికాధికారి పేరు. కొడుకు చార్లెస్ ఈస్ట్‌మన్‌గా చదువుకుని డాక్టరయ్యాడు, 1890లో వూండెడ్ నీ అనే చోట సైన్యం ఆదివాసులపై జరిపిన కాల్పుల్లో గాయపడ్డవాళ్లకు వైద్యం చేశాడు.

తల్లిదండ్రులు లేని పిల్లవాడు అనాథ కాకపోవడానికి కారణం డకోటా వరసలు. తండ్రి అన్నదమ్ములు తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే. మేనమామ, మేనత్తల వరస వేరు. మనకిది విడమరచి చెప్పనక్కర్లేదు. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లోనే అమెరికా ఆదివాసుల వరసలనూ తమిళ, తెలుగు వరసలనూ పక్కపక్కన పెట్టి పోల్చాడు.

(తెర మీద: మిన్నెసోటా నది లోయ)

డకోటాలను మిన్నెసోటా నుంచి వెళ్లగొడుతూ 1863లో చేసిన చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ ఇప్పటికీ రద్దు చేయలేదు. అయినా కొన్ని కుటుంబాలు కదల్లేదు, కొన్ని తిరిగొచ్చాయి. ఇప్పుడు ఆ రాష్ట్రంలో నాలుగు డకోటా సముదాయాలున్నాయి. 2021లో వాటిలో ఒకటైన లోయర్ సూ (డకోటాలకు బయటివాళ్లు వాడే పేరు సూ) సముదాయానికి సుమారు 115 ఎకరాలు తిరిగి దక్కాయి. 2024లో అప్పర్ సూ ఏజెన్సీ స్టేట్ పార్క్‌ను అప్పర్ సూ సముదాయానికి అప్పగించారు. 1862లో తిండి కోసం జనం ఎదురుచూసిన గోదాములు ఉన్నది ఆ నేల మీదే. అక్కడే వాళ్ల పెద్దల సమాధులున్నాయి. అప్పటిదాకా వాటి దగ్గరికి వెళ్లాలంటే పార్కు వాళ్లకు టికెట్ డబ్బులు కట్టాల్సి వచ్చేది.