బొటనవేలు చెప్పే కబురు: టీనేజీ డిప్రెషన్‌పై నల్గొండ స్టూడియోలో చర్చ

(ఆదివారం సాయంత్రం నల్గొండలో మా లోకల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాను. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా చెప్పుకున్న ముచ్చట్లు మాత్రం వదిలేశాను, నిజానికి అవే ఎక్కువ బాగున్నాయి.)

యాంకర్: నమస్కారం. ఇవాళ మనతో ముగ్గురున్నారు. ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రిస్టు మేడం, మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ సార్, దేవరకొండ వైపు నుంచి వచ్చిన రైతు అన్న. అన్న కూతురు ఇంకా చదువుకుంటోంది కాబట్టి ఎవరి పేర్లూ చెప్పుకోవద్దనుకున్నాం. అన్నా, ఫైలు మీరే తెచ్చారు, మీరే మొదలుపెట్టండి.

రైతు: ఇదే సార్ ఫైలు. మా బిడ్డ ఇంటర్ సెకండియర్. దసరా సెలవులకు ఇంటికొచ్చింది, ఏటా బతుకమ్మ తనే పేర్చేది, ఈసారి పూలు ముందర పెట్టినా చెయ్యి చాపలేదు, గోడ దిక్కు తిరిగి పడుకునేది. గాలి సోకిందన్నారు, లతీఫ్ సాబ్ గుట్ట దర్గాకు పోయొచ్చాం. తర్వాత ఈ మేడం దగ్గరికి వస్తే డిప్రెషన్ అని ఫ్లూఆక్సెటిన్ మాత్రలు రాశారు, గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందన్నారు. ఆరు వారాలు ఇంట్లో ఎట్లా గడుస్తాయి చెప్పండి? మూడో వారానికి ఎవరో చెబితే పట్నంలో ఒక సెంటర్‌కు తోలుకపోయిన. తలకు వైర్లు పెట్టి, ఈ రంగుల కాగితం ఇచ్చి, ఈ మందు మీ బిడ్డకు పనిచేయదన్నారు. ఎనిమిది వేలు, పత్తి పైసలు. ఇంటికొచ్చి మాత్రలు బంద్ పెట్టినం.

డాక్టర్: నా బాధ అక్కడే అన్నా. ఇది ఈఈజీ, మెదడులో కరెంటు అలల బొమ్మ. దీన్ని చూసి ఫలానా మాత్ర ఫలానా అమ్మాయికి పనిచేయదని చెప్పడం కుదరదు. మీరు మోసపోయారని అనను, మీకు ఆ జవాబు అంత అవసరమైంది. ఆరు వారాలు ఆగకుండా ముందే తెలుసుకునే దారి ఉందా అని పెద్ద పెద్ద పరిశోధకులు కూడా వెతుకుతున్నారు. అందులో ఒక దారి అయస్కాంతంతో మెదడును తట్టి చూడటం, టీఎంఎస్ అంటారు.

లెక్చరర్: ఆ మిషన్ వెనకున్నది మా సెకండియర్ పాఠమే, విద్యుదయస్కాంత ప్రేరణ. 1831లో ఫారడే చూపించిందే. తీగచుట్టలో కరెంటు ఒక్కసారిగా మారితే పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది, ఇక్కడ ఆ వాహకం మెదడు. పుర్రె అడ్డొచ్చినా అయస్కాంత క్షేత్రం దాటిపోతుంది. 1985లో ఇంగ్లండులో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ వాళ్ళు మొదట మనిషి మీద చేసి చూపించారు. ఈ కథ చెబితే పిల్లలు ఆ ఒక్క రోజు నిద్రపోకుండా విన్నారు.

డాక్టర్: ట్రైనింగ్‌లో నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. చెవుల్లో ప్లగ్గులు పెట్టారు, కాయిల్, అంటే సార్ చెప్పిన ఆ తీగచుట్ట, చప్పుడు గట్టిగా ఉంటుంది. తల ఎడమ వైపు, చేతిని కదిపే చోట కాయిల్ ఆనించి టక్ మనిపించారు. ఏం కాలేదు. కొంచెం ముందుకు జరిపి మళ్ళీ టక్. నా కుడి బొటనవేలు నేను కదపకుండానే ఎగిరింది. నవ్వొచ్చింది, వెంటనే కొంచెం భయం కూడా వేసింది, నా వేలు ఇంకెవరి మాటో విన్నట్టు. వేలి కండరం మీద ఎలక్ట్రోడ్లు అంటించి ఉంటాయి, స్క్రీన్ మీద గీత లేస్తుంది. పదిసార్లు తడితే కనీసం ఐదుసార్లు ఆ గీత 50 మైక్రోవోల్టులు దాటాలి, అందుకు సరిపోయే అతి తక్కువ శక్తిని మోటార్ థ్రెషోల్డ్ అంటాం. మొదటి కొలత అది.

యాంకర్: వేలు ఎగిరితే డిప్రెషన్ సంగతి ఎట్లా తెలుస్తుంది మేడం?

డాక్టర్: ఒక్క దెబ్బతో, అంటే కాయిల్ ఒక్క టక్‌తో తెలియదు, రెండు దెబ్బలు కావాలి. మొదట చిన్న దెబ్బ, రెండు మూడు మిల్లీసెకండ్లకు పెద్దది. అప్పుడు వేలు మామూలు కంటే తక్కువ ఎగురుతుంది, ఎందుకంటే మొదటి దెబ్బ మెదడులో ఆపే కణాలను లేపింది. అదే 10, 15 మిల్లీసెకండ్ల ఎడం ఇస్తే వేలు ఎక్కువ ఎగురుతుంది. రెండూ పెద్ద దెబ్బలే వేసి 100 మిల్లీసెకండ్ల దాకా ఎడం ఇస్తే మళ్ళీ తగ్గుతుంది, అది ఇంకో రకం ఆపడం. ఆపే పని ఎక్కువగా గాబా అనే రసాయనంది, తోసే పని గ్లుటామేట్‌ది.

రైతు: ఎడ్లకు పగ్గం, ముల్లుగర్ర లాగా.

డాక్టర్: అంతే అన్నా, ఇన్నాళ్ళు నాకు ఈ పోలిక తట్టలేదు. అమెరికాలో పాల్ క్రోర్కిన్ బృందం 2013లో డిప్రెషన్ ఉన్న 24 మంది పిల్లల్ని, ఆరోగ్యంగా ఉన్న 22 మందిని ఇట్లా పోల్చి చూస్తే, డిప్రెషన్ పిల్లల్లో ముల్లుగర్ర పోటు ఎక్కువ కనిపించింది. 2014లో ఇంకో సంగతి రాశారు, నాకు అదే ముఖ్యం. ఫ్లూఆక్సెటిన్‌కు గుణం రాని పిల్లల్లో, మందు మొదలుపెట్టక ముందే ఆ 100 మిల్లీసెకండ్ల రకం పగ్గం వదులుగా ఉంది.

లెక్చరర్: మరి 2014లోనే దొరికితే నల్గొండలో ఈ టెస్టు ఎందుకు లేదు? అందరం అడగాల్సింది అదే కదా.

డాక్టర్: అది చాలా చిన్న స్టడీ సార్. గుంపుకు గుంపును పోలిస్తే తేడా కనబడుతుంది, ఒక్క అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుంటే ఆమె అంకె రెండు గుంపుల్లోనూ ఇమిడిపోవచ్చు. పైగా పిల్లల్లో వయసును బట్టే ఈ అంకెలు మారతాయి, చిన్నవాళ్ళకు థ్రెషోల్డ్ ఎక్కువ ఉంటుంది, పెరిగేకొద్దీ తగ్గుతుంది. కొన్ని ఫిట్స్ మందులు వాడితే పెరుగుతుంది. నిద్ర లేకపోయినా కొలతలు తారుమారవుతాయి. మీ హాస్టల్ పిల్లవాడు ప్రీఫైనల్‌కు నైటవుట్ చేసి పొద్దున కుర్చీలో కూర్చుంటే నేను కొలిచేది డిప్రెషన్‌నా, నిద్రలేమినా?

లెక్చరర్: మా దగ్గర నైటవుట్ చేయనివాడే డౌటు. (నవ్వులు)

డాక్టర్: నవ్వకండి సార్, నిద్ర లేనివాళ్ళకు టీఎంఎస్‌లో ఫిట్స్ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది, మామూలుగా అది చాలా అరుదు.

(ఇక్కడే కరెంటు పోయింది. వచ్చాక కల్వకుర్తి నుంచి ఒకాయన ఫోన్.)

ఫోన్‌లో: మేడం, ఇది కరెంట్ షాకే కదా, పేరు మార్చారు అంతే?

డాక్టర్: కాదండీ. షాక్ చికిత్సలో మత్తిచ్చి కావాలనే ఫిట్స్ తెప్పిస్తాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లకు అది నిషేధం, తప్పనిసరైతే గార్డియన్ ఒప్పుకోవాలి, ఆ చట్టం కింద ఉండే బోర్డు ముందే అనుమతించాలి. టీఎంఎస్‌కు మత్తు అక్కర్లేదు, మనిషి మెలకువగానే ఉంటాడు. దీన్నే కొలవడానికి కాక చికిత్సగా పెద్దవాళ్ళకు 2008 నుంచి అమెరికాలో వాడుతున్నారు. టీనేజర్ల దగ్గరే చిక్కు. 2021లో వచ్చిన ట్రయల్‌లో 103 మందిని తీసుకుంటే అసలు చికిత్స పొందినవాళ్ళలో 41.7 శాతం మందికి, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్ళలో 36.4 శాతం మందికి గుణం వచ్చింది. అది తేడా అనిపించుకోదు. అయినా 2024లో 15 నుంచి 21 ఏళ్ళవాళ్ళకు వేరే చికిత్సతో పాటు వాడొచ్చని అక్కడ అనుమతి వచ్చింది, కంపెనీ పోగుచేసిన పేషెంట్ల రికార్డులు చూసి. నాకది పూర్తిగా మింగుడుపడలేదు.

యాంకర్: ఉత్తుత్తి కాయిల్‌తో కూడా 36 శాతమా?

డాక్టర్: ఆరు వారాల పాటు ఒక పిల్ల వచ్చి కూర్చుంటే ఎవరో ఒకరు ఎట్లున్నావని అడుగుతారు కదా. అది ఊరికే పోదు. పగ్గం ఎవరికి వదులుగా ఉందో ముందే తెలిస్తే, ఎవరికి మాత్ర, ఎవరికి కాయిల్ అని తేల్చుకోవచ్చన్న ఆశతోనే ఈ కొలతల వెంట పడ్డారు.

రైతు: అయితే ఈ కాగితం పారేయాల్నా మేడం?

డాక్టర్: పారేయకండి, ఫైల్లోనే ఉండనీయండి. మాత్రలు మాత్రం మీరే ఆపొద్దు, మీరే మళ్ళీ మొదలుపెట్టొద్దు, రేపు పాపను తీసుకుని ఓపీకి రండి. మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు పిల్లలకు చిరాకు, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరుగుతాయని 2004 నుంచే అమెరికాలో ఆ మందుల లేబుల్‌లో గళ్ళు కట్టి మరీ హెచ్చరిక ఉంది, ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు. రాత్రిపూట భయమైతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇంతకీ మాత్రలు ఏ తేదీన ఆపారు?

రైతు: తేదీ అంటే... మా ఇంటామెకు తెలుసు మేడం. క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాస్తది. బిడ్డ అన్నం తిన్న రోజు ఒక చుక్క, తనంతట తను మాట్లాడిన రోజు రెండు చుక్కలు.

డాక్టర్: ఎప్పటి నుంచి రాస్తోంది?

రైతు: దసరా నుంచి.

డాక్టర్: రేపు ఆ క్యాలెండర్ గోడ మీంచి తీసి పట్టుకురండి.