ఈ శనివారం రాత్రి రూంలో ఆట పెట్టండి

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో చదువుకునే పిల్లల్లో చాలామంది ఈ ఊరివాళ్లు కారు. 1954లో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. 1983లో పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015లో ఐఐటీ, సైన్సు చదువులకు ఐజర్ వచ్చాయి. మెడికల్, వెటర్నరీ కాలేజీలు సరేసరి. అందుకే బాలాజీ కాలనీ వైపు ఏ మేడమీది రూం తలుపు తట్టినా పలమనేరు అమ్మాయి, కడప అమ్మాయి, వేలూరు అమ్మాయి ఒకేచోట కనిపిస్తారు. ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుంటారు. రాత్రయ్యేసరికి మాత్రం ఎవరి ఫోన్ వాళ్లది. పక్క మంచంమీద పడుకునే అమ్మాయికి అన్నదమ్ములున్నారో లేదో కూడా తెలియకుండా సెమిస్టర్ అయిపోతుంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు నలుగురిలో ఉండి కూడా ఒంటరిగా ఉండటం నాకు బాధగా ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, వారానికో రాత్రి రూంలో ఆట పెట్టుకోండి.

ఏ ఆట అన్నదే అసలు సంగతి. ముందు అందరికీ అంత్యాక్షరి గుర్తొస్తుంది. తెలుగు పాటలు రాని పిల్ల ఒక్కతి ఉందంటే, ఆ రాత్రంతా ఆమె చప్పట్లు కొడుతూ కూర్చోవాల్సిందే. క్యారమ్స్ మంచి ఆటే, కానీ చెయ్యి తిరిగినవాళ్లు ఒకరుంటే స్ట్రైకర్ వాళ్ల దగ్గర్నుంచి కదలదు. రూంలో అందరికన్నా తక్కువ మాట్లాడేది ఎవరో చూడండి. ఆమె ఆడగలిగే ఆటే మీ ఆట.

నన్నడిగితే అష్టాచెమ్మా. నేలమీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గడులు గీస్తే పలక సిద్ధం. నాలుగు వైపులా మధ్యగడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టాలి. అక్కడున్న కాయను ఎవరూ చంపలేరు. నాలుగు గవ్వలు కావాలి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజ సామాన్ల అంగళ్లలో అడిగి చూడండి. దొరక్కపోతే వంటింట్లో చింతపండు ఉండనే ఉంటుంది. దాని గింజల్ని ఒకవైపు గచ్చుమీద అరగదీస్తే తెల్లగా వస్తుంది, రెండోవైపు నల్లగానే ఉంటుంది. గింజ వేడెక్కి వేలు చురుక్కుమంటుంది కాబట్టి తలా ఒకటి పంచుకోండి. ఆట మొదలుకాకముందే అందరూ నేలమీదికి చేరిపోతారు, మంచాలమీద ఎవరూ మిగలరు.

నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. రెండింట్లో ఏది పడినా మళ్లీ వెయ్యొచ్చు. ఎదుటివాళ్ల కాయనొక్కదాన్నైనా చంపితే తప్ప లోపలి వరసలోకి వెళ్లనివ్వరు. ఆటకు ప్రాణం అక్కడే ఉంది. ఎవరితోనూ పెట్టుకోకుండా బయటి వరసలోనే తిరుగుతానంటే కాయ పండదు, అంటే నట్టనడుమ గడికి చేరదు.

మా రూంలో ఉన్న వేలూరు అమ్మాయి "అవును అక్కా, కాదు అక్కా" తప్ప మాట్లాడేది కాదు. ఓ రాత్రి నా కాయ పండుకు రెండు గడుల దూరంలో ఉండగా ఆమెకు వరసగా చెమ్మా, అష్టా, పైన మూడు పడ్డాయి. నా కాయను తీసి నా చేతిలోనే పెట్టి, "పో అక్కా, ఇంటికి పో!" అని అరిచింది. ఆ తర్వాత ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. ఇలాంటి ఆటనే తమిళంలో తాయం అంటారని, వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. కన్నడంవాళ్లకు ఇదే చౌకాబారా. కాబట్టి కోలారు నుంచి వచ్చినవాళ్లకూ కొత్తేం కాదు.

ఒక్క జాగ్రత్త. ఊరికో రూలు ఉంటుంది. మూడుసార్లు వరసగా అష్టా పడితే లెక్కలోకి రాదని కొందరంటారు, వస్తుందని కొందరంటారు. ఆట మధ్యలో ఈ పేచీ వస్తే ఆ రాత్రి అంతటితో సరి. గవ్వలు ముట్టకముందే తేల్చుకుని గోడకు ఓ కాగితం అంటించండి. ఇది నలుగురి ఆట, అయిదో మనిషి ఉంటే ఊరికే కూర్చోబెట్టకండి, ఒకరితో జత కట్టించండి.

డబ్బు పందెం వద్దే వద్దు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఇంటి నుంచి వచ్చే నెల ఖర్చుల్లోంచి రూమ్మేట్‌కు బాకీపడితే ఆ మొహం రోజూ చూడలేరు. ఓడినవాళ్లు టీ గ్లాసులు కడగాలి, అంతే. తినడానికి మసాలా బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు చాలు. తొక్కలు వేసుకోవడానికి ఓ గిన్నె పెట్టుకోండి, లేకుంటే పొద్దున్నే చీమలు.

ఇక ఓనరమ్మ. ఆట ఉందని సాయంత్రమే చెప్పండి, రాత్రి పదికల్లా గొంతులు తగ్గించండి. చెప్పడానికి వెళ్లినప్పుడు ఆమెనూ రమ్మనండి. ఆ వయసువాళ్లకు వామనగుంటలు, పులిమేక, అష్టాచెమ్మా అన్నీ వచ్చి ఉంటాయి, పిలిచేవాళ్లే ఉండరు. ఆమె వస్తే మొదట గవ్వలు ఆమె చేతే వేయించండి.