రసీదు చేతికి అందాకే

సభకు నమస్కారం. ఈ వార్షికోత్సవంలో నాకు కేటాయించిన ఇరవై నిమిషాలలో ఎనిమిది నిమిషాలు శాలువాలకే సరిపోయాయి కనుక నేరుగా విషయానికి వస్తాను.

నాకిచ్చిన అంశం జావా అనే ప్రోగ్రామింగ్ భాష చరిత్ర. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను వెలువరించడం, బ్రౌజర్‌లో నడిచే యాప్లెట్లనే చిన్న జావా ప్రోగ్రాములు కొన్నేళ్ళు మన ల్యాబులలో రాజ్యమేలడం, 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ వాటికి తలుపులు మూసివేయడం మీరు చదువుకోగలరు. నేను చెప్పదలచినది ఒక్కటే: వాడుకరి టైపు చేసినది సర్వర్‌లో భద్రపడిందని మనం ఎప్పుడు చెప్పవచ్చు?

డిజిటల్ సంతకం లేని యాప్లెట్ వాడుకరి డిస్కులో ఒక్క అక్షరమైనా రాయగలిగేది కాదు. తాను ఏ సర్వర్ నుంచి వచ్చిందో దానితో తప్ప మరొకదానితో మాట్లాడగలిగేది కాదు. అందుచేత ఫారంలోని వివరాలను పోస్ట్ అనే వెబ్ పద్ధతిలో ఆ సర్వర్‌కే పంపితే, అక్కడ నడిచే సర్వ్‌లెట్ అనే జావా ప్రోగ్రాము వాటిని డేటాబేసులో రాసేది.

ఇరవై ఏళ్ళ క్రితం చిత్తూరు ప్రాంతపు మామిడి రైతుల వివరాలను నమోదు చేసే యాప్లెట్ ఒకటి నేను రాశాను. ఎవరికి ఎన్ని తోతాపురి చెట్లు, ఎన్ని బేనీషా చెట్లు ఉన్నాయో చేతిరాత కాగితాలు చూసి ఒక అమ్మాయి రెండు రోజులు ఎక్కించింది. రెండో సాయంత్రం డేటాబేసులోని టేబుల్ తెరిస్తే ఒక్క వరుస కూడా లేదు. "ఏమ్మా, సేవ్ నొక్కినావా?" అని అడిగాను. "నొక్కినాను సార్, ప్రతిసారీ పచ్చగా సేవ్ అయిందనే వచ్చింది" అన్నది.

ఆ పచ్చ అక్షరాలు నేను రాసినవే. సర్వర్‌తో మాట్లాడేందుకు జావా ఇచ్చే యూఆర్ఎల్ కనెక్షన్‌లోకి వివరాలు రాసి మూసినంత మాత్రాన జావా వాటిని పంపదు. సర్వర్ సమాధానాన్ని మనం అడిగినప్పుడే అవి బయలుదేరతాయి. పరీక్షించిన నాడు సమాధానం చదివే కోడ్ వరుసలు ఉండేవి. అనవసరమనుకుని చివరి రోజున నేనే వాటిని తీసివేసి, ఆ చోట 'సేవ్ అయింది' అని చూపే వరుస పెట్టాను. తప్పు నాది, పని ఇచ్చిన సంస్థ రెండు రోజుల కూలి కోసింది మాత్రం ఆ అమ్మాయికి. ఇన్నేళ్ళైనా నాకు మింగుడుపడని విషయం అదే.

తెలుగు పేర్ల చిక్కు తరువాత వచ్చింది. 'చిత్తూరు' అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు, వాటిని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో 24 బైట్లు. ఆ ఎన్‌కోడింగ్‌ను పేర్కొనకపోవడంతో ఎనిమిది ప్రశ్నార్థకాలు మిగిలాయి. అయితే అది కంటికి కనబడే తప్పు, దానిని క్షమించవచ్చు.

వెనుక వరుసలో ఫోన్లు చూస్తున్న మిత్రులారా, యాప్లెట్లు పోయాయి కదా అనుకోకండి. నిన్న మీ ప్రాజెక్టులు చూశాను. జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌కు వివరాలు పంపే ఫెచ్ ఫంక్షన్‌ను పిలిచిన మరుక్షణమే మీరూ 'సేవ్ అయింది' అంటున్నారు. సర్వర్ తనలో లోపం జరిగిందని తెలిపే 500 సంఖ్యతో తిప్పికొట్టినా ఫెచ్ దానిని వైఫల్యంగా లెక్కించదని, సమాధానంలోని స్థితిని మనమే చూసుకోవాలని మీలో ఎందరికి తెలుసు? అలిపిరిలో సామాను అప్పగించిన భక్తుడు రసీదు అందనిదే కౌంటర్ వదిలి మెట్ల వైపు కదలడు. రైతు వివరాలకు ఆపాటి రసీదైనా వద్దా?

సరిదిద్దిన తరువాత, డేటాబేసులో రాయడం పూర్తయ్యాక సర్వ్‌లెట్ పంపే వరుస సంఖ్యనే తెరమీద చూపించాను. ఆ అమ్మాయి కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తూ, నేను చెప్పకుండానే, ప్రతి కాగితం మూలన ఆ సంఖ్యను పెన్సిలుతో రాసుకున్నది.