చీటీ పోయింది, 500 కట్టమన్నారు

(ఒడిశాలోని బరంపురం నుంచి ఆదివారం ఉదయం వచ్చే తెలుగు న్యాయ సలహాల ఫోన్-ఇన్ కార్యక్రమంలోని మాటలివి. వినియోగదారుల కేసులు చూసే స్థానిక న్యాయవాది జవాబులిచ్చారు. ఫోను చేసినవారి పేర్లు తీసివేశాం.)

నిర్వాహకురాలు: అందరికీ నమస్కారం. పోయిన వారం చివరలో పార్కింగు గురించి ఒక్క మాట అన్నాం. అంతే, వారమంతా ఆ ఫోన్లే. అందుకని ఇవాళ గంటా దానికే ఇచ్చేశాం. మొదటి ఫోను మన ఊరి నుంచే. చెప్పండి.

శ్రోత (బరంపురం): నమస్కారమండీ. మొన్న ఒక మాల్‌కు వెళ్లి ఫోను ఛార్జరు కొనుక్కుని పది నిమిషాల్లో బయటికి వచ్చాను. కారుకు 40 రూపాయలన్నాడు. మొదటి అరగంటకు డబ్బులు తీసుకోకూడదని టీవీలో చూశాను కదా, అదే చెప్పాను. ‘ఆ టీవీ ఏ ఊరిది’ అని నవ్వాడు.

న్యాయవాది: నవ్వడం మర్యాద కాదు గాని, అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. మీరు చూసింది తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన 63వ నంబరు జీవో. అక్కడి మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితం. ఆపైన అక్కడ కొన్న బిల్లు చూపిస్తే కొన్ని మినహాయింపులున్నాయి. మన ఇళ్లలో హైదరాబాదు చానళ్లే మోగుతాయి కాబట్టి వార్త మన భాషలో వచ్చింది. జీవో మాత్రం మనది కాదు. అది ఇచ్ఛాపురానికే రాదు, ఆంధ్రప్రదేశ్ కాబట్టి. ఇక బరంపురం దాకా ఎక్కడ వస్తుంది!

శ్రోత: అయితే నా 40 పోయినట్టేనా?

న్యాయవాది: లోపలికి వెళ్లే ముందే 40 అని బోర్డు కనిపించిందా?

శ్రోత: కనిపించింది. పెద్దదే.

న్యాయవాది: అలాగయితే ఆ 40 కోసం పోట్లాడమని నేను చెప్పను. రసీదు ఇచ్చాడా, జీఎస్టీ వేశాడా, వేస్తే దాని మీద జీఎస్టీ నంబరు ఉందా, అది చూసుకోండి. నంబరు లేనివాడు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. మీకు ఓపిక ఉంటే ఇంకో పని ఉంది. ఆ భవనం ప్లానులో పార్కింగు కోసం ఎంత చోటు చూపించారో, ఏ షరతుల మీద అనుమతి ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో దరఖాస్తుకు ఫారం-ఏ వాడాలి, రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితం చేతికొచ్చాక మాల్‌తో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

నిర్వాహకురాలు: రాయగడ నుంచి ఒకావిడ చాలాసేపటి నుంచి లైనులో ఉన్నారు. చెప్పండి పిన్నిగారూ.

శ్రోత (రాయగడ): అమ్మా, నమస్కారం. ప్లీడరుగారూ, మా ఆయనకు గుండె నొప్పి వస్తే విశాఖపట్నం తీసుకువెళ్లాం. పార్వతీపురం మీదుగా మా తమ్ముడు రాత్రికి రాత్రి కారు నడిపాడు. ప్రైవేటు ఆసుపత్రిలో అయిదు రోజులు ఉన్నాం. కారుకు రోజుకు 50 అన్నారు, సరే అన్నాం. ఇంటికి పంపేనాడు ఆ గాభరాలో పార్కింగు చీటీ ఎక్కడో పడిపోయింది. గేటు దగ్గర ఆపి, 250తో పాటు చీటీ పోయినందుకు 500 కట్టమన్నారు. కారు ఆర్సీ అడిగి తీసుకున్నారు. మొత్తం 750 కట్టేదాకా తిరిగి ఇవ్వలేదు. వెనక సీట్లో ఆయన పడుకుని ఉన్నారు. నేనే ‘కట్టేయరా’ అన్నాను.

న్యాయవాది: మీరు చేసింది సరైన పనే అమ్మా. రోగి బండిలో ఉండగా గేటు దగ్గర చట్టం మాట్లాడకూడదు. అప్పుడు కట్టేయడం, తరువాత అడగడం. ఇప్పుడాయన ఎలా ఉన్నారు?

శ్రోత: లేచి తిరుగుతున్నారు. ఈ ఫోను చేయమన్నది ఆయనే.

న్యాయవాది: మంచి మాట. డబ్బు ఎలా ఇచ్చారు?

శ్రోత: తమ్ముడు ఫోనులో పంపించాడు. ఎవరో మనిషి పేరు వచ్చింది, ఆసుపత్రి పేరు రాలేదు. చిన్న రసీదు ఇచ్చారు, అందులో 250 మాత్రమే ఉంది.

న్యాయవాది: మీ కేసంతా ఆ రసీదులోనే ఉంది. కట్టింది 750, రసీదు 250కి. మిగతా 500కి కాగితమే లేదు. సేవకు డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. తమ్ముడి ఫోనులోని చెల్లింపు వివరం, ఆ రసీదు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఈ మూడూ ఒక కవరులో పెట్టండి. మెసేజీలు చెరిపివేయవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

నిర్వాహకురాలు: ‘చీటీ పోతే 500’ అని అక్కడ బోర్డు ఉండి ఉంటే?

న్యాయవాది: ఉన్నా అడగవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఇంత అని రాసుకున్నా, ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి పైహద్దు, అంతే. ఇక్కడ వాళ్లకు కలిగిన నష్టం ఏమిటి? ఒక చిన్న అట్టముక్క. ‘చీటీ లేకపోతే ఎవరి కారు ఎవరు తీసుకుపోతారో’ అనేది న్యాయమైన భయమే, కాదనను. దానికి ఆర్సీ చూస్తారు. చూశారు కూడా. చూసి తిరిగి ఇచ్చేయాలి. డబ్బు కోసం తాకట్టు వస్తువులా పట్టుకునే అధికారం పార్కింగు కాంట్రాక్టరుకు ఎవరూ ఇవ్వలేదు.

శ్రోత: రసీదు వెనక ఇంకేదో రాసి ఉంది బాబూ. ‘వాహనానికి యాజమాన్యం బాధ్యత వహించదు’ అని.

న్యాయవాది: అది అందరూ అచ్చు వేసే వాక్యమే. మీ తగాదాకు సంబంధం లేదు గాని, వినేవాళ్ల కోసం చెబుతాను. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటలు సిబ్బందికి తాళం ఇచ్చిన మారుతీ జెన్ కారు పోయింది. చీటీ మీద ఇదే మాట. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2019 నవంబరులో తేలింది. తాళంతో సహా కారును చేతిలోకి తీసుకున్నాక, తన అజాగ్రత్త వల్ల అది పోతే ఆ అచ్చు మాట హోటలును కాపాడదని తీర్పు. తాళం మన జేబులోనే ఉంచుకుని మనమే నిలుపుకున్న బండి సంగతి అంత సులువు కాదు, అది కూడా గుర్తుంచుకోండి.

శ్రోత: ఆసుపత్రికి ఫోను చేస్తే, ‘మాకు తెలియదు, అది కాంట్రాక్టరు పని’ అన్నారు.

న్యాయవాది: ఆ జవాబు వస్తుందని నాకు ముందే తెలుసు. స్థలం వాళ్లది, గేటు వాళ్లది, రోగి వాళ్ల రోగి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ముందు 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. వాళ్లు ఫిర్యాదును అవతలివారికి పంపుతారు. ఇలాంటి చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తెమిలిపోవాలి. వాళ్లు తీర్పు ఇవ్వలేరు, నచ్చజెప్పడం వరకే.

శ్రోత: తేలకపోతే మళ్లీ విశాఖపట్నం తిరగాలా? 500 కోసం అంత దూరం ఎవరు వెళతారు?

న్యాయవాది: వెళ్లనక్కరలేదు. చాలామందికి తెలియనిది ఇదే. పాత చట్టంలో అవతలివారు ఉన్నచోటికో, గొడవ జరిగిన చోటికో వెళ్లవలసి వచ్చేది. ఇందాక చెప్పిన 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అంటే రాయగడలో. విశాఖపట్నంవాళ్లే జవాబు చెప్పుకోవాలి. సేవకు చెల్లించిన డబ్బు 5 లక్షల లోపయితే రుసుము లేదు. ప్లీడరు అక్కరలేదు, నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను గాని నిజం అదే. ఈ-జాగృతి అనే పోర్టలులో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కావాలని కోరవచ్చు. ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాయించండి. గడువు రెండేళ్లు.

శ్రోత: రెండేళ్లా! నాలుగు నెలలే అయింది.

న్యాయవాది: అయితే తొందర లేదు. కాని ఆ చిన్న రసీదు అక్షరాలు ఎగిరిపోతాయి, ఈరోజే ఫోటో తీసి పెట్టండి. 500తో పాటు మానసిక వేదనకూ ఖర్చులకూ కూడా అడగండి. అయితే లక్షలు అడగవద్దు. అడిగినవాళ్ల ముఖం మీద కమిషను నవ్వడం నేను చూశాను.

నిర్వాహకురాలు: జయపురం నుంచి ఒక మెసేజి. ‘మీ బండికి పార్కింగు జరిమానా పడింది, ఈ ఫైలు తెరవండి’ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చిందట.

న్యాయవాది: తెరవవద్దు. అసలు చలానా అలా రాదు. తెరిచి డబ్బు పోగొట్టుకున్నవారుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి. తరువాత ఎవరు?

శ్రోత (పర్లాకిమిడి): సార్, నేను ఇప్పుడు నా బండి దగ్గరే ఉన్నాను. బట్టల దుకాణం పక్క ఖాళీ స్థలంలో మోటారుసైకిలు పెట్టాను. వచ్చేసరికి చక్రానికి గొలుసు వేసి ఉంది. 1,000 ఇస్తేనే తీస్తానంటున్నాడు. బోర్డు ఉందట, అరటిపండ్ల బండి వెనక.

న్యాయవాది: ముందు ఆ బోర్డుకూ, అరటిపండ్ల బండికీ, గొలుసుకూ కలిపి ఒక ఫోటో తీయండి. స్థలం అతనిదే కావచ్చు, బండి తీయమనే హక్కు అతనికి ఉంది. మాట వినకపోతే పోలీసులను పిలవవచ్చు, నష్టముంటే కోర్టుకు వెళ్లవచ్చు. కాని తానే జరిమానా వేసి, తానే వసూలు చేసి, తానే బండి బంధించడానికి అతనెవరు? రోడ్డు మీద నిషేధించిన చోట పెట్టిన బండిని తరలించమనే అధికారం కూడా మోటారు వాహనాల చట్టం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికే ఇచ్చింది.

శ్రోత: గొలుసు తెంచేయనా? పక్కనే రంపం ఉంది.

న్యాయవాది: వద్దు బాబూ! అప్పుడు కేసు మీ మీదికి తిరుగుతుంది. నెమ్మదిగా అడగండి. ‘1,000 ఇస్తాను. మీ పేరు, స్థలం ఎవరిది, ఎందుకు తీసుకుంటున్నారో రాసి సంతకం పెట్టి ఇవ్వండి’ అనండి. కాదంటే అతని ముందే పోలీసుల అత్యవసర నంబరు 112 కొట్టండి.

శ్రోత: ఒక్క నిమిషం... (అస్పష్టమైన మాటలు) ... సార్, 200 ఇస్తే చాలంటున్నాడు.

న్యాయవాది: 200కి కూడా రసీదే అడగండి.

శ్రోత: (అస్పష్టమైన మాటలు) ... రాసివ్వమంటే యజమానిని అడిగి వస్తానని లోపలికి వెళ్లాడు.

నిర్వాహకురాలు: తాళంచెవి?

శ్రోత: తాళంచెవి ఇక్కడే, స్టూలు మీద వదిలేశాడు.

న్యాయవాది: ముట్టుకోవద్దు. అతనే వచ్చి తీయనివ్వండి.

నిర్వాహకురాలు: మీరు లైనులోనే ఉండండి. వార్తల తరువాత మళ్లీ మీ దగ్గరికే వస్తాం.