విచారణ తేలేలోపు
(నెల్లూరులో నర్సింగ్ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామందికి బ్రిటన్ మీద కన్నుంది. పరీక్షలు, వీసా సంగతి చెప్పేవాళ్లు ట్రంకురోడ్డు నిండా ఉన్నారు. అక్కడ మీ మీద ఫిర్యాదు వస్తే ఏమవుతుందో వాళ్లు చెప్పరు, అది నేను చెప్తాను.

మన సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును సస్పెండ్ చేసేది ప్రభుత్వమే. జీవనభృతి కింద మొదట్లో సగం జీతం లెక్కన వస్తుంది. బ్రిటన్‌లో ఉద్యోగమిచ్చే యాజమాన్యం వేరు, రిజిస్ట్రేషన్ ఇచ్చే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వేరు. ఫిర్యాదు తీవ్రమైనదైతే, విచారణ పూర్తికాకముందే కౌన్సిల్ ప్యానెల్ తాత్కాలిక సస్పెన్షన్ వేయొచ్చు. 18 నెలల దాకా. మధ్యలో సమీక్షలుంటాయి. గడువు చాలకపోతే కౌన్సిల్ కోర్టుకు పోయి పొడిగింపు తెచ్చుకోవాలి. అన్నాళ్లూ ఆ దేశంలో ఎక్కడా నర్సుగా పనిచేయకూడదు. కౌన్సిల్ పైసా ఇవ్వదు. వీసా ఇప్పించిన ఉద్యోగం పోతే ఆ తలనొప్పి ఇంకోటి.

ఆ ప్యానెల్ ముందు "నేను తప్పు చేయలేదు" అని ఏడిస్తే సరిపోదమ్మా. తప్పు జరిగిందా లేదా తేల్చడం ఆ రోజు వాళ్ల పని కాదు. ఈమె డ్యూటీలో ఉంటే రోగులకు ప్రమాదమా, అదే ముఖ్యంగా చూస్తారు. మీ జవాబు దానికే ఉండాలి. రాత్రి డ్యూటీలో ఇన్సులిన్ డోసు తప్పు ఇచ్చారని ఆరోపణ అనుకోండి. "ఒంటరిగా మందులివ్వను, ఇంకో నర్సు పక్కనుండి చూస్తుంది, వార్డు మేనేజరు ఒప్పుకున్నారు, ఇదిగో లెటరు" అని చూపించండి. సస్పెండ్ చేయకుండా షరతులతో పనిచేయనిచ్చే అధికారం ప్యానెల్‌కుంది.

మన పిల్లలేమో పరువు పోతుందని, ప్యానెల్ ముందు హియరింగుకు రమ్మన్న మెయిలు ఎవరికీ చూపించరు. కావలిలో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో "ఈ వారం లీవేలేమ్మా" అనేసి, హియరింగుకు పోకుండా కూర్చుంటారు. మీరు రాకపోయినా హియరింగు ఆగాలనేం లేదు. మీ తరఫున చెప్పే నాథుడే ఉండడు.

రోగి ప్రాణం ముందు ఇలాంటి ఉత్తర్వు ఉండాల్సిందే, కాదనను. విచారణ నెలల తరబడి సాగదీయడం మాత్రం నేనొప్పుకోను. చివరికి ఏ తప్పూ లేదని తేలినా, పోయిన జీతం ఆ కౌన్సిలేం ఇవ్వదు కదా!

అందుకే అక్కడ దిగిన మొదటి నెలలోనే, మీ తరఫున మాట్లాడే నర్సుల యూనియన్‌లో చేరండి. ఫిర్యాదు వచ్చాక చేరితే, ఆ పాత కేసు మాది కాదనే అవకాశం ఉంది. ఉత్తర్వు మీద కోర్టుకు పోవచ్చు గానీ, లాయరు ఫీజు పౌండ్లలో కట్టాలి. ఇక మీరడగండి.