2డీ6, డీ12 ఒకటే అనుకునేవాళ్ళ కోసం

"రెండు డీ6లు వేసినా పెద్ద నంబర్ 12, ఒక్క డీ12 వేసినా పెద్ద నంబర్ 12, ఇంక తేడా ఏముంది అన్నా?" పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కొత్తగా ఆడేవాళ్ళు ఎవరైనా ఒక్కసారైనా అడిగే ప్రశ్న ఇది. డీ6 అంటే ఆరు ముఖాల పాచిక, డీ12 అంటే పన్నెండు ముఖాలది, 2డీ6 అంటే రెండు డీ6లు వేసి కలపడం. అడగడంలో తప్పేం లేదు, కానీ పక్కన ఎప్పట్నుంచో ఆడుతున్నవాళ్ళు "ఏం లేదులే, నీకు ఏది నచ్చితే అది తీస్కో" అంటారు చూడండి, నాకు చిరాకు అక్కడే. తేడా ఉంది, చాలా ఉంది, ఈరోజు అదే చూద్దాం.

2014లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్ తీస్కోండి. గ్రేట్‌సోర్డ్ అనే పెద్ద కత్తి డ్యామేజ్, అంటే దెబ్బ బలం, 2డీ6, గ్రేట్‌యాక్స్ అనే పెద్ద గొడ్డలి డ్యామేజ్ 1డీ12. రెండూ రెండు చేతులతో పట్టుకునేవే, రెండూ బరువైనవే. సోర్డ్‌తో కొడితే కనీసం 2 వస్తుంది, యాక్స్‌తో 1 కూడా రావచ్చు. సగటు సోర్డ్‌కి 7, యాక్స్‌కి 6.5. చాలామంది ఇక్కడ ఆగిపోయి "సోర్డే బెటర్, అయిపోయింది" అంటారు. అయిపోలేదు, సగటు చెప్పేది సగం కథే.

మనూళ్ళలో అష్టాచమ్మా ఆడినవాళ్ళకి మిగతా సగం ఆల్రెడీ తెలుసు. నాలుగు గవ్వలు వేస్తాం కదా, ఎన్ని వెల్లకిలా పడితే అంత, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు, అందులో రెండు వచ్చేవి 6, ఒకటి వచ్చేవి 4, మూడు వచ్చేవి 4, చమ్మాకి ఒక్కటి, అష్టాకి ఒక్కటి. అందుకే రెండు మాటిమాటికీ పడి విసిగిస్తుంది, అష్టా పడితే ఇల్లంతా అరుపులు. నాలుగు గవ్వలూ ఒకే మాట మీద ఉండాలి మరి, అది అంత తేలిక కాదు.

2డీ6 కూడా గవ్వల ఆటే. 12 రావాలంటే రెండు పాచికలూ ఒకేసారి 6 చూపించాలి, 36లో ఒక్క దారి, అంటే 2.8 శాతం. 7 రావడానికి మాత్రం ఆరు దార్లు ఉన్నాయి, 1-6, 2-5, 3-4, మళ్ళీ వాటినే తిరగేస్తే ఇంకో మూడు. డీ12లో ఈ గొడవ లేదు, ఒక్కటే పాచిక, ఎవరితోనూ మాట కలపక్కర్లేదు, 1 అయినా 7 అయినా 12 అయినా అన్నిటికీ 8.3 శాతమే.

[స్క్రీన్ మీద: 2డీ6 గ్రాఫ్ కొండలా, డీ12 గ్రాఫ్ చదునుగా]

ఇప్పుడు గోబ్లిన్ అనే ఒక చిన్న రాక్షసుణ్ణి ముందు నిలబెడదాం, ఆ 2014 రూల్స్‌లో దానికి 7 హిట్ పాయింట్లు, అంటే అంత ప్రాణం. బలం బోనస్ పక్కన పెట్టేసి చూస్తే ఒక్క దెబ్బకి చావాలంటే 7 కానీ అంతకన్నా ఎక్కువ కానీ పడాలి. సోర్డ్‌తో 58 శాతం, యాక్స్‌తో సరిగ్గా 50. అదే శత్రువుకి 10 ఉంటే సీన్ తిరగబడుతుంది, సోర్డ్‌తో 17 శాతం, యాక్స్‌తో 25. చూశారా, చిన్నవాటిని నమ్మకంగా పడగొట్టాలంటే సోర్డ్, పెద్ద దెబ్బ కోసం ఆశపడాలంటే యాక్స్, ఆ ఆశతో పాటు 1 పడే బాధ కూడా మనదే. నాకైతే బార్బేరియన్ అనే ఆవేశపు యోధుడి చేతిలో యాక్సే అందంగా ఉంటుంది, కోపంతో ఊగిపోయే మనిషికి లెక్కగా 7 కొట్టడం ఏంటండీ.

పైగా అవే రూల్స్‌లో ఆ బార్బేరియన్ హాఫ్-ఆర్క్ (సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షస జాతి) అయితే లెక్కే మారిపోతుంది. క్రిటికల్ పడితే, అంటే దెబ్బ తగిలిందో లేదో చూసే అటాక్ రోల్‌లో ఇరవై ముఖాల డీ20 మీద 20 పడితే, డ్యామేజ్ డైస్ డబుల్, దాని మీద హాఫ్-ఆర్క్‌కి ఆయుధం డైస్ ఇంకొకటి, 9వ లెవెల్‌కి వస్తే బార్బేరియన్‌కి మరొకటి. ఆ "ఒకటి" అనే మాట దగ్గరే మొత్తం ఉంది, సోర్డ్‌కి ఒకటి అంటే డీ6, యాక్స్‌కి ఒకటి అంటే డీ12. సోర్డ్ 6డీ6, సగటు 21. యాక్స్ 4డీ12, సగటు 26. రెక్‌లెస్ అటాక్ చేస్తూ ప్రతిసారీ రెండు డీ20లు వేసి పెద్దది తీస్కుంటే క్రిటికల్ ఛాన్స్ 5 నుంచి 9.75 శాతానికి వెళ్తుంది, అక్కడికొచ్చాక మొత్తం సగటులో కూడా యాక్సే ముందు.

ఇదే లాజిక్‌ని డీ20కి పెట్టండి. డీ20 చదును, 20కి 5 శాతం, 1కి 5 శాతం, అందుకే మహా వీరుడు కూడా మామూలు తలుపు దగ్గర బోల్తా పడతాడు. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఇలాంటిదే ఇంకో గేమ్ 3డీ6 వాడుతుంది, అంటే మళ్ళీ గవ్వలే, ఇంకో గవ్వ ఎక్కువ అంతే. 9 నుంచి 12 మధ్యలో పడేది 48 శాతం, డీ20లో అదే రేంజ్ 20 శాతం. నేర్చుకున్న పని నేర్చుకున్నట్టు జరగాలంటే 3డీ6, ప్రతి రోల్‌కీ ఊపిరి బిగబట్టాలంటే డీ20.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. డీ4, డీ6, డీ8, డీ12, డీ20, ఈ ఐదూ ప్లేటోనిక్ సాలిడ్స్, అన్ని ముఖాలూ ఒకే సైజు, ఒకే షేపు, అన్ని మూలలూ ఒకేలా, అలాంటివి ప్రపంచంలో ఐదే ఉన్నాయి. డీ10 ఆ కుటుంబం కాదు, దాని ముఖాలు గాలిపటం ఆకారంలో ఉంటాయి, అయినా పది ముఖాలకీ సమాన అవకాశమే కాబట్టి ఫెయిరే. మొదట్లో డీ10 లేకపోవడంతో డీ20 మీదే 0 నుంచి 9 వరకు రెండుసార్లు రాసి వాడేవాళ్ళు. డీ4కి పైన ముఖమే ఉండదు, మొన పైకి ఉంటుంది, సరిగ్గా దొర్లదు కూడా, పైకి ఎగరేసి వేయండి.

[స్క్రీన్ మీద: రెండు డీ20లు పక్కపక్కన]

లాస్ట్. ఈ రెండో డీ20 చూడండి, 20 పక్కనే 19, దాని పక్కనే 18, ఇది మ్యాజిక్ కార్డ్ గేమ్‌లో లైఫ్ లెక్కపెట్టుకునే స్పిన్‌డౌన్. పెద్ద నంబర్లన్నీ ఒకే వైపు ఉంటాయి కాబట్టి పాచిక తయారీలో కాస్త బరువు తేడా వచ్చినా రోల్స్ అన్నీ ఒకే వైపుకి మొగ్గుతాయి. మామూలు డీ20లో ఎదురెదురు ముఖాలు కలిపితే 21, పెద్దవీ చిన్నవీ చుట్టూ కలగలిపి ఉంటాయి. అటాక్ రోల్‌కి అదే వాడండి, స్పిన్‌డౌన్‌ని హిట్ పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి ఉంచండి.