ఆ గంట పీకేయండి! క్యాన్సర్ తగ్గినవాళ్ల మనసుకి దెబ్బ కొడుతోంది మనమే

ఆ గంట పీకేయండి. సరిగ్గానే విన్నారు. క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ ఆఖరి రోజు ఆసుపత్రిలో పేషెంట్ చేత మోగిస్తారే, గోడకి తగిలించిన ఇత్తడి గంట, చుట్టూ చప్పట్లు, ఎదురుగా పైకి లేచిన ఫోన్లు, ఆ తర్వాత లక్షల లైకులు... దాని గురించే చెప్తున్నా. ఉంచాలా తీసెయ్యాలా అని జనం తెగ కొట్టుకుంటున్నారు. నా మాట సూటిగా చెప్పేస్తా. ఆ గంట పేషెంట్ కోసం మోగట్లేదు. చూసేవాళ్ల కోసం మోగుతోంది. మనకి కథ సుఖాంతం కావాలి, అంతే. దానికి పాపం ఆ మనిషి చేతికి తాడు ఇస్తున్నాం.

చరిత్ర రెండు ముక్కల్లో. 1996, అమెరికాలోని హ్యూస్టన్, ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్. ఇర్వ్ లె మోయిన్ అని అమెరికా నౌకాదళంలో పెద్ద అధికారి (రియర్ అడ్మిరల్), తల-మెడ క్యాన్సర్‌కి అక్కడ రేడియేషన్ తీసుకున్నాడు. పని పూర్తయితే గంట కొట్టడం నౌకాదళంలో ఆనవాయితీ. అందుకని తన ఆఖరి రోజున ఒక ఇత్తడి గంట తెచ్చుకుని మోగించాడు, దాన్ని అక్కడే ఇచ్చేసి వెళ్లాడు. ఆయన ముచ్చట ఆయనది, కాదనడానికి మనమెవరం? కానీ ఒక్క నావికుడి ముచ్చట ఊరందరికీ తంతు ఎలా అయిపోయిందండీ? పెట్టేముందు ఇది మనసుకి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని ఎవరైనా అడిగారా?

అడిగినవాళ్లు ఉన్నారు. 2019లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా డాక్టర్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. గంట లేనప్పుడు రేడియేషన్ పూర్తిచేసినవాళ్లని, గంట పెట్టాక అది మోగించి వెళ్లినవాళ్లని పోల్చి చూశారు. ట్రీట్‌మెంట్ ఎంత బాధపెట్టింది అని ఆఖర్లో అడిగారు, కొన్ని నెలలు ఆగి మళ్లీ అడిగారు. గంట కొట్టినవాళ్లకి ఆ జ్ఞాపకం తేలిగ్గా ఉంటుందని వాళ్లూ అనుకున్నారు. తీరా చూస్తే తలకిందులు! గంట కొట్టినవాళ్లకే బాధ ఎక్కువగా గుర్తుంది. ఆ డాక్టర్లు చెప్పిన కారణం వినండి. మనసు ఉప్పొంగిన క్షణంలో మెదడు జ్ఞాపకాన్ని గట్టిగా పట్టేస్తుంది. సంబరం ఒక్కటే పట్టుకుని ఊరుకోదు కదా, దాని వెనకున్న వాంతులు, కాలిన చర్మం, ఆ మిషన్ కింద బిగబట్టిన ఊపిరి, అన్నీ కలిపి పట్టేస్తుంది.

"ఒక్క ఆసుపత్రిలో చేసిన చిన్న అధ్యయనం, దానికే ఇంత గోల చేస్తావా?" అంటారు. చేస్తా. ఎందుకంటే గంట మోగిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో ఆ వీడియోలో ఉండదు.

వారాల తరబడి రోజూ ఆసుపత్రికి వెళ్లారు. నర్సు పేరు పెట్టి పలకరించింది. ఎక్కడ నొప్పి ఉందో అడిగేవాళ్లున్నారు, చూసేవాళ్లున్నారు. ఒక్కసారిగా "మూడు నెలల తర్వాత రండి" అన్నారు. ఇంటికొచ్చారు. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఎడమ చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్తుంది. దవడ కింద వేలితో నొక్కి చూస్తారు. ఇటు నొక్కుతారు, అటు నొక్కుతారు, రెండూ ఒకలాగే ఉన్నాయా? నిన్న ఇది ఇంత గట్టిగా ఉందా? పది నిమిషాల తర్వాత మళ్లీ నొక్కుతారు. నొక్కీ నొక్కీ అక్కడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి ఇంకా భయం. నడుం పట్టేస్తే మామూలు మనిషి మందు రాసుకుని పడుకుంటాడు, వీళ్లు ఎముకల్లోకి పాకిందేమోనని తెల్లారేదాకా కూర్చుంటారు. స్కాన్ దగ్గరపడిన వారం ఇంట్లో ఎవరితోనూ మాట పడదు. రిపోర్ట్ వచ్చేదాకా ముద్ద దిగదు.

ఈ భయం ఎవరికి చెప్పుకోవాలి? "అదేంటి, గంట కొట్టావుగా!" ఇదీ సమాధానం. ఇదే నా కడుపుమంట. ఆ గంట మోగగానే చుట్టూ ఉన్నవాళ్లకి సెలవు దొరికిపోతుంది. వండి పంపినవాళ్లు ఆగిపోతారు, ఫోన్లు తగ్గిపోతాయి. అందరి ముందూ "అయిపోయింది" అని మోగించిన మనిషికి ఇక ఏడ్చే హక్కు లేదు!

కొత్త సంగతేం కాదిది. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అని ఒక డాక్టరు, ఆయనకే క్యాన్సర్ వచ్చి తగ్గింది. 1985లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాశాడు. నీళ్లలో మునిగిపోయేవాళ్లని బయటికి లాగే విద్య నేర్చాం గానీ, ఒడ్డున పడేసి దగ్గుకుంటూ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే మన పని అయిపోయిందని వదిలేస్తున్నాం అన్నాడు. నలభై ఏళ్లయింది. ఒడ్డున ఉన్నవాళ్లకి మనం ఇచ్చింది గంట!

పక్కకి వెళ్తున్నా గానీ ఇది చెప్పకుండా ఉండలేను. "పాజిటివ్‌గా ఉండు, దిగులుపడితే తిరగబెడుతుంది" అంటారు చూడండి, ఆ మాట అనేవాళ్ల నోటికి తాళం వెయ్యాలి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో తల-మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మందిని చూశారు. మనసు కుదురుగా ఉన్నంత మాత్రాన ఎక్కువ కాలం బతకలేదు, దిగులుపడ్డవాళ్లు ఆ దిగులు వల్ల ముందుగా పోలేదు. అంటే మీరు చెప్పే సలహా క్యాన్సర్‌ని ఆపదు గానీ, ఏడ్చిన ప్రతిసారీ "నా చావు నేనే తెచ్చుకుంటున్నానా" అనే కొత్త భయాన్ని మాత్రం అంటగడుతుంది. మనసు బాగుచేసుకోవాల్సింది మనసు కోసం. దానికి వేరే సాకు ఎందుకండీ?

ఇంకా పక్క గదిలో కూర్చున్నవాళ్లు! ఒంట్లో వేరే చోట్లకీ పాకిన నాలుగో స్టేజ్, కీమో ఆగితే మళ్లీ పెరుగుతుంది, ఆఖరి రోజు అనేదే లేదు. చేతికి సూది, చెవిలో పక్కవాళ్ల గంట. ఆ కుర్చీలో మీరున్నారనుకోండి, చప్పట్లు కొడతారా?

అయితే ఏం చెయ్యమంటావు అంటే, అదే గోడ మీద ఒక ప్రశ్న పెట్టండి. "ఈ వారం మీ బాధ సున్నా నుంచి పది దాకా ఎంత?" క్యాన్సర్ డాక్టర్లకి ఈ కొలత కొత్తది కాదు, అమెరికాలో నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకా లోతుగా అడిగి చూడమని మార్గదర్శకాలున్నాయి. కాగితం ఖర్చు తప్ప ఏముంది? తిరగబెడుతుందన్న భయానికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఉంది, దాంతో భయం తగ్గుతుందని పరీక్షించి చూశారు. భయం పూర్తిగా పోవాలని ఎవరూ అనట్లేదు, రోజుకి ఇరవై సార్లు మెడ తడుముకోకుండా బతకనిస్తే చాలు. 2022 లెక్కల ప్రకారం, గత ఐదేళ్లలో క్యాన్సర్ బయటపడి ప్రాణాలతో ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 5 కోట్ల 35 లక్షల మంది. ఇంతమందికి వరండాలో చప్పట్లు సరిపోతాయా?

వెళ్లేముందు ఒక పనికొచ్చే ముక్క. రొమ్ము క్యాన్సర్ తర్వాత టామాక్సిఫెన్ (క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర) ఏళ్ల తరబడి వాడేవాళ్లకి డిప్రెషన్ వస్తే, దానికి మందు వాడటంలో తప్పేం లేదు. కానీ పారోక్సెటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. బదులు వేరేవి ఉన్నాయి. మీ అంతట మీరు ఏదీ ఆపెయ్యకండి, రెండు చీటీలూ తీసుకెళ్లి ఇద్దరు డాక్టర్లకీ చూపించండి.

గంట ఉండాల్సిందే అనేవాళ్లు ఇక మొదలుపెట్టండి. తిట్టండి, చదువుతా. ముందు ఒక్కటి మాత్రం రాయండి: గంట కొట్టిన మీ మనిషికి ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "నిద్ర పడుతోందా?" అని అడిగారా?